మత్తయ్య పేరు చివర నాయక్

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ గోడకు ఆనించి పెట్టిన రాయి మీద తన చిన్నాయన పేరు చదివి, కృపారాణి అది వేరే ఎవరిదో సమాధిరాయి అనుకుంది. పక్కనున్న రాళ్లన్నీ చూసింది. ఒకటి ఎవరిదో కొత్తింటి గడపరాయి, ఇంకొకటి ఏదో బడి గోడకు పెట్టేది. చివరికి మళ్లీ మొదటి రాయి దగ్గరికే వచ్చి నిలబడింది. పైన శిలువ గుర్తు ఉంది. కింద చిన్నాయన పుట్టిన తారీఖు, పోయిన తారీఖు సరిగ్గానే ఉన్నాయి. మధ్యలో మాత్రం అందంగా, లోతుగా "మత్తయ్య నాయక్" అని చెక్కి ఉంది.

"రాజేందరన్నా, గిదేంది?"

యూనిట్ నడిపే రాజేందర్ మిషను ఆపి, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. "మంచిగ రాలేదా అక్కా?"

"మంచిగనే వచ్చింది. పేరే మాది కాదు. హవల్దార్ మత్తయ్య అని ఫోన్ల చెప్పిన గద."

"చెప్పినవ్. నేను గట్లనే సుద్దముక్కతోని రాసిచ్చిన. చెక్కినోడు లంబాడి తాండ మనిషి, శంకర్. 'మా నాయక్ పేరు నాకు తెల్వదా' అని నా రాత తుడిపి, ఆయనే రాసుకొని చెక్కిండు. నేను మీ చిన్నాయన తాండాయనే అనుకున్న అక్కా. మరి శిలువ ఎందుకు పెట్టమన్నరని జర సోచాయించిన. గిప్పుడు తాండలల్ల గూడ యేసును నమ్మినోల్లు ఉన్నరు గద అని ఊకున్న."

"మాది పెద్దేముల్ పక్క ఊరు. చర్చి వాడ. తాండ కాదు."

రాజేందర్ తల గోక్కున్నాడు. "మరి శంకర్ గట్ల ఎందుకంటడు?"

అది తను అడగాల్సిన ప్రశ్న.  శంకర్ ఆ రోజు పనికి రాలేదు. సమాధుల తోటలో రాయి నిలబెట్టి జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నది వచ్చే ఆదివారమే. ఏం చేయాలో తోచక రాయిని ఫోన్లో ఫొటో తీసుకుంది. వెళ్లబోతుంటే రాజేందర్ వెనక్కి పిలిచి, రాతిదుమ్ము కళ్లలో పడిందేమో కడుక్కోమని కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి ఇచ్చాడు. కళ్లలో పడింది దుమ్ము కాదని ఆయనకు తెలిసే ఉంటుంది.

కృపారాణి వికారాబాద్ డిపోలో కండక్టరు. మత్తయ్య ఆమె తండ్రికి తమ్ముడు. ఆమె చిన్నతనంలోనే తండ్రి పోతే, పంజాబు నుంచో అస్సాం నుంచో మనియార్డరు పంపి చదివించింది చిన్నాయనే. ఆమెకు ఉద్యోగం వచ్చిన మొదటి రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వికారాబాద్ బస్టాండులో ఆమె బస్సే ఎక్కి తాండూరు దాకా వచ్చాడు. దిగేటప్పుడు ఒక్క మాట అన్నాడు. "టికెట్ ఇచ్చేటప్పుడు మనిషి మొకం చూడు బిడ్డా, పైసలున్న చెయ్యి చూడకు." ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమని జీరో టికెట్ వచ్చాక చూడ్డానికి చేతిలో పైసలు కూడా లేవు. అయినా కృపారాణి ఇప్పటికీ ముఖం చూసే టికెట్ ఇస్తుంది.

మీసాలు సరిగ్గా రాని వయసులో ఫౌజులో చేరి, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిసేదాకా అందులోనే ఉన్న మనిషి మత్తయ్య. టెలిఫోను లైన్లు వేసే పని. కొండల మీద, మంచులో, చెట్టు నుంచి చెట్టుకు తీగ లాగేవాడు. ఊళ్లో ఎవరైనా "ఎంతమందిని కాల్చినవ్ మత్తయ్యా" అని అడిగితే, "ఇక్కడోని మాట అక్కడోనికి ఇనవడాలె, గంతే నా పని" అనేవాడు. అడిగినవాడు నమ్మేవాడు కాదు. ఏదో దాస్తున్నాడు, మిలిట్రీవాళ్లు అంతే, అనుకుని పోయేవాడు.

ఇంటికొచ్చాక కూడా తెల్లారకముందే లేచి గడ్డం గీసుకునేవాడు. పక్కింటి బిచ్చయ్య తాతకు చూపు పోతే, శనివారం శనివారం ఆయన కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీసేవాడు. తాత గోళ్లు కొమ్ముల్లా గట్టివి. నీళ్లలో నానబెట్టి, ఓపిగ్గా, చివుక్కుమనకుండా తీసేవాడు. నెలకోసారి సైకిలెక్కి గుట్ట కింది తాండకు పోయి, పొద్దుగూకేవేళకు తిరిగొచ్చేవాడు. ఎందుకని అడిగితే "దోస్తులున్నరు" అనేవాడు. తాండవాళ్లు ఆయన్ని నాయక్ అని పిలవడం ఇంట్లో అందరికీ తెలుసు. ఫౌజులో హవల్దారు కాకముందు ఆయన హోదా నాయక్. అదే పిలుపు నిలిచిపోయిందని అనుకున్నారు. మట్టి చేసిన రోజు తాండ ఆడవాళ్లు గుంపుగా వచ్చి, ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడ్చినప్పుడు కూడా, మంచి మనిషికి ఏడ్వరా, అనుకున్నారు.

కృపారాణి ఊరికి చేరేసరికి చిన్నమ్మ భాగమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. ఫొటో చూపిస్తే చాట పక్కన పెట్టింది.

"నాకు అంత తొందరగ రాదు బిడ్డా. నువ్వే చదువు."

కృపారాణి చదివింది. భాగమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాక శంకర్ అన్న మాట కూడా చెప్పించుకుంది.

"అంటే ఆయన ఆడ తాండోన్ననే చెప్పుకున్నడన్నట్టు."

"ఏమో చిన్నమ్మా. గట్లనే ఎందుకు అనుకోవాలె?"

"మల్ల ఎట్లనుకోవాలె? చెక్కినోడు ఊకెనే చెక్కిండా?" భాగమ్మ చాటలో మిగిలిన కందులను వేలితో అటూ ఇటూ జరిపింది. "నన్ను ఒక్కనాడు ఆడికి తీస్కపోలే. ఎన్నిసార్లు అడిగిన్నో. ఎండ అంటుండె, దూరం అంటుండె. నేను ఈ పొలాలల్ల పుట్టి పెరిగినదాన్ని, నాకు ఎండేంది? నన్ను చూస్తె మనం ఎవరిమో వాల్లకు ఎరుకైతదని గాని భయపడ్డడా?"

"చిన్నాయన గట్లాంటి మనిషి కాదు."

"నేను గూడ కాదనే అనుకుంటి."

భాగమ్మ చాటను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "రాయి సంగతి తర్వాత. దాన్ని చెరిపి చెక్కొచ్చు. ఆయన మనల్ని చూసి సిగ్గువడ్డడా లేదా, నాకు గది తెలుసుకొని రా. అది తెల్వకుంట ఆదివారం ఆయన సమాధి కాడ నిలవడి నేనేమని ప్రార్థన జేయాలె?"

మర్నాడు డ్యూటీ దిగాక కృపారాణి వికారాబాద్‌లోనే ఉంటున్న కుమారస్వామి ఇంటికి వెళ్లింది. ఆయన ఫౌజులో చిన్నాయనతో ఒకే పటాలంలో పనిచేసి సుబేదారుగా రిటైరైన మనిషి. ఫొటో చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నాయక్ అంటే చెయ్యి మీద రెండు పట్టీలు. హవల్దార్ అంటే మూడు. సచ్చినంక ఒక పట్టీ గుంజుకుంటరా అమ్మా? ఏం నేరం చేసిండని?"

"మేం చెప్పింది హవల్దార్ అనే సార్."

"అదీగాక ర్యాంకు పేరు ముందల వస్తది. ఎనుక రాదు. ఎనుక వచ్చిందంటె అది మనిషి ఏ కులపోడో చెప్పే పేరు లెక్క అయితది."

కృపారాణి అసలు సంగతి చెప్పింది. మాట నమిలి, మింగి, చివరికి అడిగేసింది. ఫౌజులో ఉన్నప్పుడు చిన్నాయన తన ఊరిని, వాడను దాచుకునేవాడా?

కుమారస్వామి గట్టిగా నవ్వాడు. "దాచుడా? ఒకపారి మన తెలుగు మేజర్ సాబ్ కొత్తగ వచ్చిండు. పెట్టె మీద నాయక్ మత్తయ్య అని చూసి, 'ఏ తాండయ్యా నీది' అనడిగిండు. 'తాండ కాదు సాబ్, చర్చి వాడ. నాయక్ నా ర్యాంకు' అని అందరి ముందల చెప్పిండు మీ చిన్నాయన. అప్పటిసంది మేం చాయ్ తాగినప్పుడల్ల 'ఏ తాండయ్యా నీది' అని ఆట పట్టిస్తుంటిమి. దాచుకునే మనిషేనా ఆయన?"

సుబేదారు భార్య బలవంతంగా అన్నం పెట్టి గాని పంపలేదు. తింటున్నంతసేపూ కృపారాణికి ఏ కూర తింటున్నదో తెలియలేదు. అంత పెద్ద ఆఫీసరు ముందు దాచనివాడు, గుట్ట కింద మేకలు కాసుకునేవాళ్ల దగ్గర ఎందుకు దాస్తాడు? దాచకపోతే వాళ్లు తమవాడని ఎందుకనుకుంటారు? వచ్చేటప్పుడు ఒక ముడి ఉండేది, పోయేటప్పుడు రెండయ్యాయి. బస్సులో కూర్చుని ప్రార్థన చేసుకోబోయింది. ఏమని అడగాలో తెలియక "ప్రభువా" అన్న మాట దగ్గరే ఆగిపోయి, అక్కడి నుంచే చిన్నమ్మకు ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, నాకేం సమజైతలేదు. తాండకే పోయి అడుగుత."

 "నన్ను గూడ తీస్కపో" అంది భాగమ్మ.

శనివారం పెద్దేములు నుంచి షేర్ ఆటో ఎక్కారు. భాగమ్మ మోకాళ్లు ముడుచుకోలేకపోతోందని చూసి, ముందు సీట్లో ఉన్న ఒకాయన చెప్పకుండానే లేచి వెనక అంచున వేలాడుతూ నిలబడ్డాడు.  భాగమ్మ దారంతా తెల్లచీర కొంగు తలమీదుగా కప్పుకుని, కిందికి జారినప్పుడల్లా సర్దుకుంటూ కూర్చుంది.

శంకర్ ఇల్లు వెతకాల్సిన పని లేకపోయింది. వాళ్లను చూడగానే అతనే ఎదురొచ్చి, లోపలున్న తల్లిని "యాడీ" అని కేకేశాడు. తల్లి సోనీబాయి చేతుల నిండా తెల్లగాజులతో, వంగిపోయిన నడుముతో బయటికొచ్చింది. భాగమ్మను ఎగాదిగా చూసింది. ఎవరని అడగలేదు. మంచం మీద గొంగడి పరిచి, "కూసో వదినే" అంది.

ఆ పిలుపు విని భాగమ్మ కూర్చోబోయినదల్లా ఆగి, తర్వాత కూర్చుంది.

చాయ వచ్చింది. కృపారాణే రాయి సంగతి ఎత్తింది. మా చిన్నాయన మీకు ఏమవుతాడని, మీ నాయక్ ఎట్లా అయ్యాడని అడిగింది. సోనీబాయి కొడుకు వైపు చూసి, చెప్పనా అన్నట్టు తలూపి, మొదలుపెట్టింది.

అవి వానరోజులు. సోనీబాయికి నొప్పులొచ్చి రెండు రోజులైనా తేలకపోతే, ఎడ్లబండి మీద తాండూరులో ఆసుపత్రికి తెచ్చారు. శంకర్ పుట్టాడు గాని, తల్లికి నెత్తురు ఆగలేదు. ఎవరైనా నెత్తురివ్వాలన్నారు. భర్తది కలవలేదు. అత్త వరండాలో అడ్డంగా కూర్చుని, పరాయి నెత్తురు నా కోడలి ఒంట్లో పడనియ్యను, చస్తే మాదానిగానే చావనియ్యండి, అని పట్టుపట్టింది. రైలు దిగి ఊరికి పోవలసిన ఒక మిలిట్రీ మనిషి వానకు తడవకుండా అదే వరండాలో నిలబడి ఈ గొడవంతా వింటున్నాడు. ఆయన కాళ్ల దగ్గర నల్ల ట్రంకుపెట్టె ఉంది. దాని మీద తెల్లరంగుతో పేరు రాసి ఉంది. నాలుగక్షరాలు వచ్చిన సోనీబాయి భర్త ఆ పేరు కూడబలుక్కుని, "అమ్మా, ఈయన నాయకే" అన్నాడు.

"మా అత్త ఆయన దిక్కు చూసి, 'నువ్వు నాయక్‌వేనా కొడుకా' అనడిగిందట" అంది సోనీబాయి. "ఆయన అబద్ధం చెప్పలే. 'అవునమ్మా, నాయక్‌నే' అన్నడట. గంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆయన నెత్తురే నా ఒంట్లకు ఎక్కింది."

"ఏ తాండ అని అడగలేదా?" అంది కృపారాణి.

"అడగకుంట ఉంటదా ఆమె? మా భాషల అడిగింది. ఏ తాండ, ఏ గోత్రం, తండ్రి పేరేంది. ఆయన హిందీల ఏందో అన్నడు. 'పాపం, ఫౌజుల వడి తల్లి భాష మర్చిపోయిండు పిలగాడు' అని మా అత్త కండ్లల్ల నీల్లు తీసుకున్నదట. ఆమె ఉన్నన్ని రోజులు, ఆయన వచ్చినప్పుడల్ల ముందల కూసోవెట్టుకొని మా భాష నేర్పనీకి చూసింది. ఆయనకు రానే రాలే. 'ఇంత మొద్దోన్ని మిలిట్రీల ఎట్ల తీసుకున్నరో' అని తిడుతుండె."

సోనీబాయి నవ్వింది. శంకర్ నవ్వాడు. భాగమ్మ కూడా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి మీకు సంగతి ఎప్పుడు తెలిసింది?"

"మా అత్తకు సచ్చేదాక తెల్వదు. నాకు వీడు నడక నేర్చిన ఏడే ఎరుకైంది. మక్కకంకులు అమ్మనీకి మీ ఊరికొస్తి. ఆయన సెలవుకొచ్చి ఉన్నట్టుండె. మీ గుడి ముందల కింద కూసోని, లోపలికి పోయినోల్ల చెప్పులన్ని జతలు జతలు పెడుతుండె. లోపటికెల్లి ఎవరో పిలిచి వాక్యం చదవమంటె, చేతులు కడుక్కొని పోయి చదివిండు. నేను గంప ఎత్తుకొని ఎనుకకు తిరిగిన."

"ఎందుకు పిలవలే?" ఆ ఇంట్లో భాగమ్మ నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

"పిలిచి ఏమనాలె వదినే? నీ నెత్తురు వాపస్ తీసుకొమ్మని అనాలెనా?"

పొయ్యి మీద మిగిలిన చాయ పొంగితే శంకర్ లేచి దించాడు.

"మీకు తెలుసని మా చిన్నాయనకు తెలుసా?" అంది కృపారాణి.

సోనీబాయి జారిన గాజులు పైకి జరుపుకుంది. "గది నాకు గూడ తెల్వది బిడ్డా. ఒక్కపారి మాత్రం నేనే అడిగిన. 'అన్నా, వదినెను ఎన్నడు తీస్కరావు, మేమేమన్న తింటమా ఆమెను' అని. ఆయన చాయ తాగుకుంట, 'ఆమె అబద్ధం ఆడదు సోనీ' అన్నడు. నేను నవ్విన. ఆయన గూడ నవ్విండు. ఎందుకు నవ్వినమో ఇద్దరం చెప్పుకోలే."

"గంతేనా అన్నది?" అడిగింది భాగమ్మ.

"గంతే."

భాగమ్మ చల్లారిపోయిన చాయను ఒక్క గుక్కలో తాగేసింది. కృపారాణికి ఆ మాట ఏ వైపు నుంచి పట్టుకోవాలో అర్థం కాలేదు. భార్య వస్తే గుట్టు బయటపడుతుందని భయపడ్డాడా? అబద్ధమాడలేని మనిషిని ఇరుకున పెట్టకూడదనుకున్నాడా? తనది అబద్ధమేనని ఆ ఒక్క మాటతో సోనీబాయి ముందు ఒప్పుకున్నాడా? సోనీబాయి ముసలి అత్త కోసం మొదలుపెట్టిన మాటను, ముసలామె పోయాక కూడా ఎందుకు మోశాడు? అడగడానికి ఆయన లేడు. ఉన్నా, ఇక్కడి మాట అక్కడ వినబడితే చాలు అనేవాడేమో.

శంకర్ వచ్చి భాగమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నాది అత్తా. మీ రాతను నేను తుడపొద్దుండె. చేతికి ఆ పేరే వచ్చింది. మీరు చెప్పుండ్రి, ఇప్పుడే పోయి మిషను పెట్టి చెరిపి, కొత్తగ చెక్కుత. రేపు పొద్దటికి సమాధి కాడ ఉంటది."

 భాగమ్మ అతని చేతుల వైపు, ఉలి దెబ్బలకు కాయలు కాసిన వేళ్ల వైపు చూస్తూ ఉంది. నెత్తురు కోసమని ఒకప్పుడు వానలో జరిగిన గొడవ ఈ మనిషి పుట్టిన రోజుదే అన్నది ఆమెకు అప్పుడే తట్టినట్టుంది.

"చెరపకు. ముందల హవల్దార్ అని పెట్టు. అది ఆయన కష్టం, పోనియ్యొద్దు. ఎనుక ఉన్నది ఉండనియ్."

"చిన్నమ్మా, రెండూ పెడితె సుబేదార్ సార్ నవ్వుతడు" అంది కృపారాణి.

"నవ్వనియ్. నవ్వెటందుకు ఆయన దోస్తే గద."

తిరుగు ఆటోలో కృపారాణి ఉండబట్టలేక అడిగింది. "నీకు జవాబు దొరికిందా చిన్నమ్మా?"

"సగం దొరికింది బిడ్డా."

"ఏ సగం?"

"గదే తెలుస్తలేదు" అంది భాగమ్మ.

ఆదివారం మధ్యాహ్నం ఎండలో సమాధుల తోటకు వాడంతా వచ్చింది. తాండ నుంచి రెండు ఆటోల నిండా వచ్చి, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక గేటు దగ్గరే నిలబడ్డారు. భాగమ్మ వెళ్లి సోనీబాయి మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చెట్టునీడలో ఇంటివాళ్ల వరుసలో నిలబెట్టింది. మిగతావాళ్లు ఆమె వెంట వచ్చారు. పాస్టరు ప్రేమ్‌సాగర్ రాయి మీద కప్పిన తెల్లగుడ్డ తీసి, పేరు చదవబోయి, మధ్యలో ఆగి భాగమ్మ వైపు చూశాడు.

"ఉన్నది ఉన్నట్టు చదువుండ్రి అయ్యగారూ."

"హవల్దార్ మత్తయ్య నాయక్" అని చదివాడు పాస్టరు.

గుంపులో గుసగుస లేచింది. భాగమ్మకు వరసకు అక్క అయ్యే ఇంద్రమ్మ ఆగలేకపోయింది. "ఇదేందే భాగీ, చివరికి తాండోల్ల పేరు తగిలిచ్చినవు? ఎవరి పేరే అది?"

కృపారాణి చిన్నమ్మ వైపు తిరిగింది. చిన్నమ్మ ఇప్పుడు మొత్తం కథ చెప్పాలి, లేకపోతే రాయి చెక్కినవాడి తప్పని చెప్పాలి. రెండూ నిజాలే. రెండింట్లో ఏది చెప్పినా, నీడలో నిలబడ్డవాళ్లు తలదించుకుంటారు.

"ఆయన పేరే" అంది భాగమ్మ.

ఇంద్రమ్మ ఇంకేదో అడగబోయింది గాని, పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. కృపారాణి కళ్లు మూసుకుంది. చిన్నమ్మ చెప్పింది నిజమా, లేక ఈ వయసులో మొదటిసారి చిన్నాయన ఆడిన మాటే ఆడిందా? అడగాలనుకుంది. అడిగితే చిన్నమ్మకే తెలియదేమో అనిపించింది. పక్కనుంచి చిన్నమ్మ ప్రార్థన సన్నగా వినబడుతూనే ఉంది గాని, ఏం అడుగుతోందో మాటలు తెలియలేదు. ఆమెన్ ఎప్పుడనాలో తెలియని తాండవాళ్లు, వాడవాళ్లంతా అన్నాక కాస్త ఆలస్యంగా అన్నారు. కృపారాణి కూడా వాళ్లతోపాటే అంది.